మంచు కింద కోరల చేప

పిల్లలూ! చెరువుగట్టున కూచుని గాలం వేసేవాళ్ళను మీరు చూసే ఉంటారు. చేతిలో వెదురుకర్ర, కర్రకు తాడు, తాడుకు బెండు, చివర గాలపుముల్లు, దానికి వానపాము. బెండు మునిగిందంటే చేప ఎర ముట్టిందన్నమాట. కాని చెరువు నడిమధ్యకు నడిచివెళ్ళి, అక్కడ పీట వేసుకు కూచుని, తన కాళ్ళ ముందే ఒక బెజ్జం పొడిచి అందులో గాలం వేసేవాణ్ణి చూశారా? అతనికి పడవా అక్కర్లేదు, తెప్పా అక్కర్లేదు. కారు మటుకు ఉంటుంది. ఆ కారు కూడా చెరువులోనే, అతని పక్కనే నిలిపి ఉంటుంది!

ఇది చూడాలంటే జనవరి నెలలో అమెరికా ఉత్తరభాగాన ఉన్న మిన్నెసోటా రాష్ట్రానికి వెళ్ళాలి. ఆ రాష్ట్రంలో పదేసి ఎకరాలు, అంతకు మించి ఉన్న సరస్సులనే లెక్క పెడితే 11,842 తేలాయి. వాటిలో పెద్దవాటిలో ఒకటి మిల్ లాక్స్ అనే సరస్సు. మినియాపొలిస్ నగరంనుంచి ఉత్తరంగా సుమారు 100 మైళ్ళు పోతే వస్తుంది. విస్తీర్ణం 200 చదరపు మైళ్ళకు పైమాట. లోతు మాత్రం ఎంతో లేదు, అన్నిటికన్న లోతైన చోట 42 అడుగులు.

మిల్ లాక్స్ అంటే ఫ్రెంచి భాషలో వెయ్యి సరస్సులు. ఒక్క సరస్సుకు వెయ్యి సరస్సులని పేరేమిటని మీకు అనుమానం రావచ్చు. అది మొదట ఆ ప్రాంతానికి ఫ్రెంచివాళ్ళు పెట్టుకున్న పేరు. తరవాత ఈ సరస్సుకు అంటుకున్నది. అంతకు పూర్వంనుంచీ అక్కడ ఉన్న డకోటా జాతివారు దీన్ని పవిత్రమైన సరస్సు అనీ, ఒజిబ్వే జాతివారు పెద్ద సరస్సు అనీ తమతమ భాషల్లో పిలిచారు. సరస్సులోనుంచి ఒక నది బయలుదేరి పోయి మిసిసిపీలో కలుస్తుంది. దానికీ డకోటావారు పవిత్రమైన పేరే పెట్టారు. ఆ పేరులోని దైవాన్ని వచ్చిన తెల్లవాళ్ళు సారాగా అర్థం చేసుకుని "రమ్ము నది" అన్నారని చెబుతారు. ఈనాటికీ పటాలలో ఆ పేరే ఉన్నది!

మేము వెళ్ళిన నాడు తెల్లవారేసరికి చలి సున్నకు 22 డిగ్రీలు దిగువన ఉన్నది. ఇంట్లో మంచుపెట్టె కూడా అంత చల్లగా ఉండదు. నన్ను తీసుకుపోయినవారు మినియాపొలిస్‌లో కాపరముంటున్న ఒక తెలుగు కుటుంబం. వాళ్ళబ్బాయి శేఖర్‌కు పదకొండో ఏడు. దారి చూపించేవాడు వాళ్ళ పొరుగింటి ముసలాయన. ఆయనకు డెబ్బయ్యేళ్ళు దాటాయి. అక్కడి పిల్లలు పెద్దలను పేరు పెట్టి పిలిస్తే తప్పు లేదు. కాని శేఖర్ తల్లి ఒప్పుకోక ఆయనను "తాతగారూ" అని పిలవటం నేర్పింది. ఆయనకు తెలుగులో అదొక్క ముక్కే వచ్చు. ఆ పిలుపు వినబడితే చాలు, ఎంత పనిలో ఉన్నా తల ఎత్తుతాడు.

సరస్సు ఒడ్డుకు చేరగానే నేను కారు దిగుతానన్నాను. ముసలాయన నవ్వి, "మంచు ఎంత మందం ఉన్నదో చూడకుండా నేనూ దిగనులే," అన్నాడు. అక్కడివాళ్ళు పాటించే లెక్క ఒకటున్నది. కొత్తగా పేరిన గట్టి మంచు 4 అంగుళాలుంటే మనిషి నడవవచ్చు. చిన్న కారు పోవాలంటే 9 లేక 10 అంగుళాలుండాలి. ఇది అద్దంలాగా నల్లగా కనిపించే మంచుకు లెక్క. హిమం కలిసి తెల్లబారిన మంచుకు సగం బలమే, అందుచేత మందం రెట్టింపు ఉండాలి. ఆయన ఇనపగునపంతో పొడిచి కొలిస్తే ఆనాడు 20 అంగుళాలున్నది. అయినా శేఖర్ మెళ్ళో ఒక తాడు వేసి, దానికి రెండు కొసలా రెండు మేకుపిడులు వేలాడగట్టాడు. ఖర్మంచాలక మంచు విరిగి నీళ్ళలో పడితే ఆ మేకులు మంచులో గుచ్చి పైకి పాకి రావాలి. పూర్తిగా నమ్మదగిన మంచు అంటూ ఎక్కడా లేదని ఆయన రెండుసార్లు చెప్పాడు.

ఇంత చలికి సరస్సు అడుగుదాకా ఎందుకు గడ్డ కట్టదు? దీని రహస్యం నీటిలోనే ఉన్నది. తక్కిన వస్తువులు చాలావరకు చల్లబడినకొద్దీ బరువెక్కుతాయి. నీరు మాత్రం 4 డిగ్రీలదాకానే బరువెక్కుతుంది. అంతకన్న చల్లబడితే తిరిగి తేలికవుతుంది. గడ్డకట్టిన నీరు ఇంకా తేలిక. కనక మంచు పైన తేలి కప్పులాగా నిలుస్తుంది, 4 డిగ్రీల నీరు అడుక్కు చేరుతుంది. పైన చలిగాలి ఎంత కొట్టినా కింద చేపలు బతికే ఉంటాయి. ఈ ఒక్క గుణం నీటికి లేకపోతే చలిదేశాల చెరువుల్లో ఒక్క చేప మిగలదు.

మంచుమీద మైళ్ళ తరబడి దారులున్నాయి. దారి పొడుగునా చెక్క ఇళ్ళు, రేకు ఇళ్ళు. లోపల పొయ్యి, బల్లలు, పడుకోవటానికి అరలు, నేలలో మూతలు వేసిన బెజ్జాలు! గాలానికి చిన్న గంట కట్టుకుని నిద్రపోతారు. చేప పడితే గంట మోగుతుంది. ఇలాంటి ఇంట్లో గాసు పొయ్యి వెలిగించి తలుపులూ కిటికీలూ బిగిస్తే వాసన లేని విషవాయువు చేరి ప్రాణం తీస్తుంది. అందుచేత ఎంత చలి వేసినా గాలి వచ్చే కంత మూయరాదు. మార్చినెలలో ప్రభుత్వం పెట్టిన గడువులోగా ఇళ్ళన్నీ ఒడ్డుకు లాగెయ్యాలి. ఏప్రిల్ వచ్చేసరికి ఆ ఊరు ఉన్న జాడ కూడా ఉండదు.

ఇక చేప సంగతి. ఈ సరస్సుకు పేరు తెచ్చింది వాలై అనే చేప. దాని మాంసం మెత్తన, ముళ్ళు తక్కువ. ఒడ్డున గారిసన్ అనే ఊళ్ళో దానికి పెద్ద విగ్రహం కూడా నిలిపారు. అయితే మా ముసలాయన మనసంతా ఇంకొక చేపమీద ఉన్నది. దాని పేరు పైక్. దానికెవరూ గారిసన్‌లో విగ్రహం పెట్టలేదు.

పైక్‌ను ఒకసారి చూస్తే మరవరు. బారుగా ఈటెలాగా ఉంటుంది. ఆ పేరుకు అర్థం కూడా ఈటే. ఒళ్ళంతా పచ్చటి నలుపు, దానిమీద పాలిపోయిన మచ్చలు. మూతి బాతుముక్కులాగా చదునుగా ఉంటుంది. వీపుమీది రెక్క తోక దగ్గిరకు జరిగి ఉండటంచేత తోకా, రెక్కలూ ఒక్కసారిగా కొట్టి, నిలిచిన చోటినుంచి బాణంలాగా దూకగలదు. వేటాడటానికి అది పరిగెత్తదు. నీటిమొక్కల మధ్య కర్రముక్కలాగా కదలకుండా నిలబడి, చిన్న చేప దగ్గిరకు రాగానే దూకుతుంది. మన ఏళ్ళలోనూ చెరువుల్లోనూ వాలుగను పట్టినవాళ్ళకు పెద్ద నోరూ, పళ్ళూ గల చేప సంగతి తెలుసు. పైక్ నోరు అంతకు తగ్గదు. కింది దవడన కత్తుల్లాంటి కోరలుంటాయి. పైన అంగిటినిండా వందలకొద్దీ సన్నని పళ్ళు, అన్నీ గొంతువైపుకు వాలి ఉంటాయి. లోపలికి పోయేదానికి అడ్డం లేదు, బయటికి రావాలంటే గుచ్చుకుంటాయి.

1929లో ఈ రాష్ట్రంలోనే బాస్‌వుడ్ అనే సరస్సులో 45 పౌన్ల 12 ఔన్సుల పైక్ పడ్డది. అంటే ఇరవై కిలోలకు పైన! అంతకన్న పెద్దది తూచినట్టు ఆ రాష్ట్రపు లెక్కల్లో ఈనాటికీ లేదు.

ముసలాయన మంచు బరమా తీశాడు. మన వడ్రంగుల బరమా వంటిదే, మనిషి ఛాతీ ఎత్తున ఉంటుంది. ఇప్పుడు బాటరీతో తిరుగుతుంది. వాలైకైతే 8 అంగుళాల బెజ్జం చాలు, పైక్‌కు 10 అంగుళాలది పొడవాలి. ఎందుకంటే మందమైన మంచులో బెజ్జం గొట్టంలాగా ఉంటుంది. పెద్ద చేప తల అందులో సూటిగా దూరకపోతే మంచు అంచుకు తాడు రాసుకుని తెగుతుంది. బెజ్జాలు ఎక్కడ పడితే అక్కడ పొడవలేదు. పది అడుగుల లోతున, ఇంకా పచ్చగా ఉన్న నీటిమొక్కలు ఎక్కడ ముగుస్తాయో ఆ అంచునే పొడిచాడు. చిన్న చేపలు ఆ మొక్కల్లో దాక్కుంటాయి, పైక్ ఆ అంచున కాచుకుంటుంది.

తరవాత తన పెట్టె తెరిచాడు. మీరు పక్కనుంటే ఆ పెట్టె వదిలేవారు కారు! రంగురంగుల రేకులు, చెక్కచేపలు, గుడ్డిగవ్వల్లాంటి కళ్ళు అతికించిన రబ్బరుచేపలు, గిలకల్లాగా చప్పుడు చేసేవి. ఇవన్నీ మాయఎరలు. వీటిలో తినేదేమీ లేదు. తినేదున్నట్టు చేపను నమ్మించాలి.

అన్నిటికన్న పాతది చెంచా. పేరుకు తగినట్టే ఉంటుంది, పిడి లేని చెంచాలాగా. జూలియో బ్యూయెల్ అనే అమెరికనుకు ఈ ఎరమీద 1852లో పేటెంటు వచ్చింది. ఆయన చిన్నతనంలో పడవలో కూచుని తింటూ చెంచా నీళ్ళలో జారవిడిస్తే, అది మిలమిల మెరుస్తూ మునిగిపోతుంటే ఒక చేప వచ్చి దాన్ని మింగిందట. ఆ కథ ఎంతవరకు నిజమో గాని చెంచా పని చెయ్యటం మాత్రం నిజం. వంపు ఉన్న రేకు నీళ్ళలో నిటారుగా దిగదు. గాలిలో రాలిన ఆకులాగా అటూ ఇటూ ఊగుతూ, దెబ్బ తిన్న చేప పల్టీలు కొట్టినట్టుగా దిగుతుంది. ఎండ పడితే మెరుస్తుంది. మెరవని చోట కూడా దాని ఊపుకు నీరు కదులుతుంది. చేపకు ఒంటి పక్కల పొడుగునా ఒక గీత ఉంటుంది. నీటి కదలికను ఆ గీతతో అది తెలుసుకుంటుంది. పైక్‌కు ఇలాంటి సన్నని రంధ్రాలు దవడలమీద కూడా ఉన్నాయి. కనక మసక చీకట్లో కూడా ఎర ఎటున్నదో దానికి తెలిసిపోతుంది.

"ఏ రంగుది వెయ్యాలి తాతగారూ?" అని శేఖర్ అడిగాడు.

"ముందు నీళ్ళు చూడు," అన్నాడాయన.

నీళ్ళు బురదగా ఉంటే కొట్టవచ్చినట్టు కనిపించే నారింజ, నిమ్మపచ్చ రంగులు వెయ్యాలి. తేటగా ఉంటే వెండి రంగు, లేదా అక్కడి చిన్న చేపల రంగు మేలు. మిల్ లాక్స్ నీళ్ళు ఇదివరకటికన్న తేటపడ్డాయి. 2005లో ఈ సరస్సులో జీబ్రాచారలున్న చిన్న ఆలిచిప్పలు కనిపించాయి. అవి ఎక్కడో యూరపు తూర్పుకొసన పుట్టినవి, ఓడలతో అమెరికా చేరాయి. నీళ్ళు వడకట్టి, కంటికి కనిపించని ఆహారమంతా అవే తినేస్తాయి. చూడటానికి నీళ్ళు బాగుంటాయి గాని చేపపిల్లలకు తిండి తగ్గుతుంది. ఇక ఎరుపు రంగున్నదే, అది లోతుకు పోయినకొద్దీ అన్నిటికన్న ముందు మాయమై నల్లగా కనిపిస్తుంది. అయినా ఎరుపూ తెలుపూ చారల చెంచా నూరేళ్ళకు పైగా పైక్‌ను పడుతూనే ఉన్నది! తెలుపు పక్కన నలుపు ఉంటే తిరిగేటప్పుడు బాగా కనిపిస్తుందని ముసలాయన ఉద్దేశం. నన్నడిగితే, రంగులు చాలావరకు దుకాణానికి వచ్చే మనిషిని పట్టటానికే వేస్తారు.

బరువు సంగతి మాత్రం నిజంగా చూసుకోవాలి. లోతు తక్కువైతే పలచటి చెంచా నెమ్మదిగా దిగి ఎక్కువసేపు ఆడుతుంది. 20, 30 అడుగుల లోతుకు ముప్పావు ఔన్సుది వేస్తేనే త్వరగా దిగుతుంది. సీసంతో చేసినవి ఆ పెట్టెలో లేవు. లూన్ అనేది ఆ రాష్ట్రపు పక్షి; నీళ్ళలో మునిగి చేపలు పట్టి తింటుంది. తెగి అడుగున పడిపోయిన సీసపు గుండ్లు మింగి ఆ పక్షులు చస్తున్నాయి. అందుచేత తగరం, టంగ్‌స్టన్ వాడేవాళ్ళు పెరుగుతున్నారు.

పెట్టెలో ఒక మూల చుట్టలు చుట్టి పెట్టిన తీగలున్నాయి. ఎరకూ తాడుకూ మధ్య కట్టే ముక్క అది. దాని పేరు లీడరు. లీడరంటే నాయకుడని మీరు చదువుకున్నారు గదా. ఈ నాయకుడు నిజంగానే అందరికన్న ముందు పోయి పళ్ళకింద పడతాడు! పైక్ కోరలకు మామూలు నైలాను తాడు ఒక లెక్క కాదు, కత్తెర పెట్టినట్టు తెంపుతుంది. వాలైకీ పళ్ళున్నాయి గాని అవి పట్టుకోవటానికే. తాడు తెంపటం అరుదు. కనక వాలై పట్టేవాళ్ళు సాధారణంగా తీగ లీడరు కట్టరు.

ముసలాయన దగ్గిర మూడు రకాలున్నాయి. మొదటిది ఏడు సన్నని ఉక్కుతీగలను పురి పెట్టి చేసినది. మెత్తగా వంగుతుంది, ధర తక్కువ. కాని ఒకసారి మెలిక పడితే పందితోకలాగా చుట్టుకుపోతుంది, ఇక ఎర సరిగా ఆడదు. రెండోది టైటానియం అనే లోహపు ఒంటితీగ. ఎంత వంచినా తిరిగి సాగుతుంది, సన్నగా ఉంటుంది. చిన్న చెంచాలకు ఇదే తగినది, ఎందుకంటే మోటుతీగ కడితే చిన్న చెంచా కాళ్ళకు బండ కట్టినట్టయి ఆడదు. ఖరీదు మాత్రం ఎక్కువ. మూడోది లోహమే కాదు, ఫ్లోరోకార్బన్ అనే గాజులాంటి తాడు. ఇందులో ఒక చిత్రమున్నది. గాజుముక్కను నీళ్ళలో వేస్తే అంచులు కనిపిస్తాయి, మంచుముక్కను వేస్తే సరిగా కనిపించవు, అవునా? వెలుతురు ఒక వస్తువులోనుంచి ఇంకొక దానిలోకి పోయేటప్పుడు వంగుతుంది. ఎంత తక్కువ వంగితే ఆ వస్తువు అంత తక్కువగా కనిపిస్తుంది. ఆ వంపు లెక్క నీటికి 1.33, ఫ్లోరోకార్బన్‌కు సుమారు 1.42, నైలానుకు అంతకన్న ఎక్కువ. కనక తేటనీళ్ళలో ఫ్లోరోకార్బన్ తక్కువగా అవుపిస్తుంది. కాని అది పళ్ళకు పూర్తిగా ఆగదు. 60 లేక 80 పౌన్ల బలం గల లావుపాటిదే కట్టాలి. అంత లావుది ముడికి లొంగదు గనక చిన్న లోహపు గొట్టంలో దూర్చి పటకారుతో నొక్కుతారు. పట్టిన ప్రతి చేప తరవాతా గోటితో పొడుగునా రాసి చూడాలి. ఎక్కడన్నా గోరు తట్టుకుంటే ఆ ముక్క పారెయ్యవలిసిందే.

లీడరు ఒక కొసన ఎర తగిలించే కొక్కెం, రెండో కొసన తిరిగే చిన్న మర ఉంటాయి. చెంచా గింగిరాలు తిరిగినా ఆ మర తిరుగుతుంది గాని తాడుకు పురి ఎక్కదు. పొడవు అడుగుంటే సాధారణంగా చాలు. పెద్ద చేపల కోసం అడుగున్నరా, రెండడుగులూ కట్టేవాళ్ళున్నారు. పైక్ గాలం పడగానే దొర్లుతుంది. అప్పుడు తాడు దాని మొప్పల అంచుకు చిక్కినా తెగుతుంది.

ఇదంతా విని శేఖర్ చిన్న గాలపుకర్ర తీసుకుని రెండో బెజ్జం దగ్గిర కూచున్నాడు. అతనికి ఉక్కు తీగ ఇచ్చారు. అరగంట గడిచింది, ఏమీ ముట్టలేదు. తీగ కనిపించటంచేతనే చేపలు రావటం లేదని వాడికి తోచింది. మేమందరం పులిహోర డబ్బా చుట్టూ చేరాము. (పొయ్యి దగ్గిర పెట్టటం మరిచిపోయారు, గింజగింజా రాయి అయి కూచున్నది!) అప్పుడు వాడు ఎవరికీ చెప్పకుండా తీగ విప్పేసి చెంచాను నైలాను తాడుకే కట్టాడు.

పావుగంటలో కర్ర వంగింది. చర్ఖా కిర్రున తిరిగింది. వాడు "తాతగారూ!" అని అరిచాడు. అందరమూ పరిగెత్తాము. బెజ్జం నీళ్ళలో ఒక్క క్షణం పచ్చటి తల కనిపించింది, అది నా చేతికన్న వెడల్పున్నది. తలకాయ విదిలించింది. తాడు తేలిపోయి పైకి వచ్చింది.

ముసలాయన తాడు కొస పట్టుకుని వెలుతురుకు చూశాడు. ఉండగోళీ అంత ముడి కూడా మిగలలేదు, నున్నగా తెగి ఉన్నది. ఆయనకు సంగతి తెలిసిపోయింది.

"చేప పోతే పోనీ అబ్బాయ్. మన చెంచా దాని నోట్లో ఉండిపోయింది," అన్నాడు.

శేఖర్ ఆ మాట అనుకోలేదు. వాడు చెంచా ఖరీదు ఇస్తానని చెప్పబోతున్నాడు. చెంచా చివర మూడుముల్లుల గాలం ఉంటుంది. పెదవికి తగిలితే కొన్ని చేపలు ఎలాగో దాన్ని విదిలించుకుంటాయి. గొంతులో దిగితే చాలావరకు చస్తాయి. ఎవరూ తినక, తానూ తినలేక మంచు కింద చచ్చే చేప ఒకటి. వాడు చాలాసేపు బెజ్జంలోకి చూస్తూ కూచున్నాడు. తల్లి పిలిచినా రాలేదు. చేతితొడుగులు తీసి, వేళ్ళు కొంకర్లు పోతున్నా, తనే లీడరు మళ్ళీ కట్టుకున్నాడు.

మధ్యాహ్నం ఇంకొక పద్ధతి చూశాము. అక్కడి నియమం ప్రకారం చలికాలంలో మనిషికి రెండు గాలాలు. రెండోదానికి ముసలాయన జెండా గాలం పెట్టాడు. బెజ్జంమీద అడ్డకర్ర, కింద నీళ్ళలో తాడుచుట్ట, పైన వంచి పట్టిన స్ప్రింగుకు ఎర్రజెండా. చేప ఎర పట్టి లాగితే జెండా లేస్తుంది. జెండా గాలానికి 200 అడుగుల లోపలే ఉండాలి, వదిలి పోరాదు. తాడుచుట్ట నీళ్ళలో ఉండటంచేత గడ్డ కట్టదు. ఎరగా చచ్చిన చేపను, నూనె ఎక్కువున్నదాన్ని, కట్టాడు. చలికి మందగించిన ముసలి పైక్ తరమటానికి బద్ధకించినా, వాసన వచ్చే ఉచిత భోజనం వదలదు.

ఆ ఎర చేపకు తీగతో రెండు గాలాలు గుచ్చాడు, ఒకటి వీపున, ఒకటి పక్కన. ఎందుకో చెప్తాను. పైక్ ఎరను అడ్డంగా కరుచుకుని పరుగు తీస్తుంది. తరవాత ఆగి, తల లోపలికి వచ్చేలాగా తిప్పి మింగుతుంది. పూర్వం ఒకే గాలం ఉన్నప్పుడు మొదటి పరుగు పోనిచ్చి, ఆగినాక, రెండో పరుగుకు లాగేవారు. అప్పటికి గాలం పొట్టలో ఉండేది. ఆ చేపను వదలాలన్నా బతకదు. రెండు గాలాలుంటే అడ్డంగా కరిచినప్పుడే ఒకటి దవడకు తగులుతుంది. ఆగకుండా వెంటనే లాగవచ్చు.

మూడు గంటలకు జెండా లేచింది. ముసలాయన కదలక, శేఖర్ వైపు చూశాడు. వాడు పరిగెత్తి, మోకాళ్ళమీద కూచుని, చెయ్యి చెయ్యి మార్చుకుంటూ తాడు లాగాడు. చేప లాగితే వదిలాడు, ఆగితే లాగాడు. మూడుసార్లు బెజ్జం దాకా వచ్చి మూడుసార్లు వెనక్కు పోయింది. నాలుగోసారి తల బెజ్జంలో పడ్డది. తీగ సరిగ్గా కోరల మధ్యనుంచి పోతున్నది!

పైకి తీసి కొలిస్తే 37 అంగుళాలు. పొట్ట ఉబ్బి ఉన్నది. మంచు కరగగానే ఒడ్డున గడ్డి మునిగే నీళ్ళలో గుడ్లు పెట్టబోయే ఆడచేప అది. ఏ పొడుగు చేపను ఉంచుకోవచ్చో, ఏది వదలాలో ఆ సరస్సుకు నియమాలు విడిగా ప్రకటిస్తారు. పోయేవాళ్ళు ముందుగా చూసుకోవాలి. కాని ముసలాయన నియమం మాట ఎత్తలేదు. పొడుగు పటకారుతో ముల్లు తీసి, "త్వరగా!" అన్నాడు. ఆ చలిలో ఒక్క నిమిషం బయట ఉంచితే మొప్పలూ, కళ్ళూ గడ్డకడతాయి. శేఖర్ రెండు చేతులా తోక మొదలు పట్టుకుని దాన్ని నీళ్ళలో నిలబెట్టాడు. అది కాసేపు ఊరకే ఊపిరి పీల్చి, ఒక్క విదుపుతో మా ముఖాలన్నిటిమీదా నీళ్ళు చల్లి పోయింది. ఆ నీళ్ళు మీసాలమీదనే గడ్డకట్టాయి.

తిరుగుదారిలో పడమటి ఒడ్డున ఒజిబ్వేవారి వస్తుప్రదర్శనశాల ముందునుంచి వచ్చాము. ఆ జాతివారు పైక్‌ను పట్టిన పాత పద్ధతి ఒకటున్నది. బెజ్జంమీద పడుకుని, నెత్తిమీద దుప్పటి కప్పుకుని వెలుతురు మూసేవారు. అప్పుడు చుట్టూ ఉన్న మంచులోనుంచి వచ్చే వెలుతురుతో కింది నీళ్ళు దీపం పెట్టినట్టు కనిపిస్తాయి. చెక్కతో చెక్కి, పొట్టలో సీసం పోసిన బొమ్మచేపను దారానికి కట్టి ఆడిస్తారు. తోక వంపు వల్ల అది గుండ్రంగా ఈదుతుంది. దానికి గాలముండదు. పైక్ చూడటానికి వస్తే రెండో చేతిలో ఈటె సిద్ధంగా ఉంటుంది. ఈ ఎరకు లీడరు అక్కర్లేదు, తెగేదీ లేదు! 1837లో ప్రభుత్వంతో చేసుకున్న ఒడంబడికలో ఈ ప్రాంతాన వేటాడుకునే, చేపలు పట్టుకునే హక్కును ఒజిబ్వేవారు తమకే ఉంచుకున్నారు. తరవాత దాన్ని కాదన్నారు. చివరకు 1999లో అమెరికా సుప్రీంకోర్టు ఆ హక్కు ఇంకా నిలిచే ఉన్నదని తీర్పు చెప్పింది.

ఆ రాత్రి శేఖర్ ఇంట్లో పైక్ పులుసు. ముసలాయనకు పడ్డ చిన్న పైక్ ఒకటి, ఉంచుకోదగిన పొడుగుది, మాకిచ్చాడు. దాని కండలో పంగలకర్ర ఆకారపు ముళ్ళు వరసగా ఉంటాయి. వాటికి భయపడి అక్కడ చాలామంది పైక్‌ను తినరు. శేఖర్ తల్లి మన ఏటిచేపల ముళ్ళు ఎరిగిన మనిషి గనక లెక్క చెయ్యలేదు. చింతపండు పులుసులో ఉడికిన ఆ చేప నాకు వాలైకన్న బాగున్నదనిపించింది. ముసలాయన కూడా వచ్చి కూచుని, ముక్కున నీళ్ళు కారుతున్నా, రెండోసారి వడ్డించుకున్నాడు.

శేఖర్ తిన్నంతసేపూ మాట్లాడలేదు. చివరకు, "తాతగారూ, పొద్దుట దానికీ మధ్యాహ్నం దానికీ బెజ్జాలు పక్కపక్కనే గదా. మధ్యాహ్నం దాని నోట్లో చెంచా ఏమన్నా కనిపించిందా?" అని అడిగాడు.

ముసలాయన చెంచాతో పులుసు కలుపుతూ, "లేదు అబ్బాయ్. నేనూ దానికోసమే చూశాను," అన్నాడు.